బ్రోమైడ్ పేపర్ మన ఎండల్లో పాడవకుండా దాచుకోవడం ఎలా

నెలకు ఇద్దరైనా ఇదే అడుగుతున్నారు. "అన్నా, మా ఊళ్లె పాత స్టూడియో మూసేసిన్రు, అండ్ల పదిహేను ప్యాకెట్ల ఫోటో పేపర్ దొరికింది, పనికొస్తదా?" అని ఒకరు. "ఆన్‌లైన్‌ల వంద షీట్ల డబ్బా తెప్పించిన, నెలకు పది షీట్లు గూడ వాడుత లేను, ఎట్ల దాయాలె?" అని ఇంకొకరు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఒకసారి కూర్చుని రాసేస్తున్నా. బ్రోమైడ్ పేపర్ అంటే డార్క్ రూమ్‌లో డెవలపర్‌తో (బొమ్మను పైకి తెచ్చే ద్రావణం) కడిగే బ్లాక్ అండ్ వైట్ పేపర్, ఇదంతా దాని గురించే. ప్రింటర్‌లో పెట్టే ఫోటో పేపర్ గురించి అడిగేవాళ్లు కూడా ఉన్నారు, దానికీ దీనికీ సంబంధం లేదు.

మా పెదనాన్న స్టూడియో మిర్యాలగూడలో ఉండేది. మూసేశాక మిగిలిన పేపర్ రెండు చోట్లకు చేరింది. ఎనిమిది ప్యాకెట్లు రేకుల గదిలో సజ్జ మీదికి ఎక్కాయి, రెండు ప్యాకెట్లు పాత మట్టిగోడల ఇంట్లో మంచం కింద ట్రంకు పెట్టెలోకి వెళ్లాయి. ఒకే రోజు కొన్న సరుకు, ఒకే బ్యాచ్ నంబరు. పన్నెండేళ్ల తర్వాత నేను తీసి కడిగితే సజ్జ మీదివి సిమెంటు రంగులో వచ్చాయి. ట్రంకు పెట్టెలోవి అంచుల వెంట వేలెడంత మీగడ రంగు తప్ప మధ్యలో తెల్లగానే ఉన్నాయి. అప్పటి నుంచి నేను డబ్బా మీది ఎక్స్‌పైరీ తేదీ చూడటం మానేశాను. ఆ పేపర్ ఎన్ని ఎండాకాలాలు, ఎక్కడ గడిపింది అనే అడుగుతాను.

కారణం రెండు ముక్కల్లో చెప్తా. పేపర్ మీద జిలాటిన్ పొరలో వెండి లవణాలు ఉంటాయి, అవి వెలుతురుకే కాదు, వేడికి కూడా మెల్లగా మారుతుంటాయి. అట్లా మారినవి డెవలపర్‌లో పడగానే వెలుతురు తగలకపోయినా నల్లబడతాయి, దాన్నే ఫాగ్ అంటాం. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి మార్పుల వేగం సుమారు రెట్టింపు అవుతుందని లెక్క. కంపెనీలేమో 20 డిగ్రీల దగ్గర, 40 నుంచి 50 శాతం తేమలో పెట్టమంటాయి. మన దగ్గర మే నెలలో బయటే 44 దాటుతుంది, రేకుల కింద సజ్జ సంగతి వేరే చెప్పాలా.

కావలసినవి:

- గాలి పోకుండా మూసుకునే జిప్ కవర్లు, మందంగా ఉన్నవి. ఒక్కో కట్టకు రెండు.
- మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, మీ పేపర్ సైజు పట్టేది.
- సిలికా జెల్ పొట్లాలు. నీలం నుంచి గులాబీకి రంగు మారే రకమైతే ఎప్పుడు తేమ పీల్చిందో కంటికే తెలుస్తుంది.
- పర్మనెంట్ మార్కర్, పెన్సిల్, కత్తెర.
- ఎర్ర సేఫ్‌లైట్ (పేపర్‌ను పాడుచేయని డార్క్ రూమ్ లైటు), మూడు ట్రేలు, డెవలపర్, స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపేది), హైపో (బొమ్మను నిలబెట్టి, మిగిలిన వెండి లవణాలను తీసేసేది), థర్మామీటర్.
- గదిలో తేమ చూపే చిన్న డిజిటల్ మీటర్. తప్పనిసరి కాదు కానీ ఉంటే మంచిది.
- ఫ్రిజ్‌లో ఒక అర, దానికి ఇంట్లోవాళ్ల అనుమతి. రెండోది దొరకడమే కష్టం.

1. తెరవకముందు బయట చదవండి

పాత సరుకైతే ముందు డబ్బా మీద ఏముందో చూడండి. కొడాక్ 2005లో బ్లాక్ అండ్ వైట్ పేపర్ తయారీ ఆపేసింది. ఆగ్ఫా ఫోటో కంపెనీ కూడా అదే ఏడాది దివాలా తీసింది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు పేపర్ అయితే అది కూడా ఎప్పటిదో పాతదే. అంత చల్లటి ఊళ్లో పుట్టి మన దగ్గరికొచ్చి ఎండాకాలాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది పాపం. ఇల్ఫోర్డ్, ఫోమా ఇప్పటికీ వస్తున్నాయి కాబట్టి వాటి వయసు పేరును బట్టి తెలియదు, అమ్మినవాళ్లను అడగాలి.

తర్వాత రకం చూసుకోవాలి. 1, 2, 3, 4 అని గ్రేడ్ నంబరో, నార్మల్, హార్డ్ అనో రాసి ఉంటే అది గ్రేడెడ్ పేపర్, దాని కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల మధ్య తేడా) ముందే ఖాయమై ఉంటుంది. మల్టీగ్రేడ్ అనో వేరియబుల్ కాంట్రాస్ట్ అనో ఉంటే ఫిల్టర్లతో కాంట్రాస్ట్ మార్చుకునే రకం. ఇక ఫైబర్ పేపరా ఆర్‌సీ పేపరా అన్నది డబ్బా మీద చెరిగిపోయి ఉంటే ఎర్ర లైటు కింద ఒక షీటు వెనకవైపు నీటిచుక్క వేయండి. ఇంకిపోతే ఫైబర్, అంటే ప్లాస్టిక్ పూత లేని ఉత్త కాగితం. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే ఆర్‌సీ, దాని రెండు వైపులా పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఈ తేడా ఎందుకంటే పాత గ్రేడెడ్ ఫైబర్ పేపర్ సాధారణంగా ఎక్కువ కాలం ఆగుతుంది. ఆర్‌సీలో కొన్ని రకాలకు త్వరగా కడగడం కోసం పొరలోనే డెవలపర్ కలిపి తయారుచేసేవాళ్లు, అవి ముందుగా ఫాగ్ అవుతాయి. మల్టీగ్రేడ్ పేపర్ ఫాగ్ కాకపోయినా వయసుతో పాటు కాంట్రాస్ట్ తగ్గి చప్పబడుతుంది.

హెచ్చరిక: అమ్మేవాళ్లను డబ్బా విప్పి చూపించమని అడగకండి. ఒకసారి నేను ప్యాకెట్లు కొనడానికి వెళ్తే ఆయన ఎంతో నిజాయతీగా, నన్ను నమ్మించడానికి, నట్టెండలో నల్ల కవరు చింపి "చూడు, తెల్లగ మెరుస్తుంది" అని చేతిలో పెట్టాడు. కడగని పేపర్ పగటి వెలుతురులో మొదట తెల్లగానే కనిపిస్తుంది. అప్పటికి అది పోయినట్టే. కొద్ది నిమిషాలకు ఊదారంగుకు తిరగడం మొదలైంది, ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

2. దాచే ముందు టెస్ట్ చేయండి

చచ్చిన పేపర్‌కు ఫ్రిజ్‌లో చోటు దండగ. కొత్త పేపర్‌కైనా ఈ టెస్ట్ ఒకసారి చేసి ఫలితం దాచుకుంటే రెండేళ్ల తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉందని థర్మామీటర్‌తో చూసుకోండి. ఇది చాదస్తం కాదు. మే నెల మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు చేతికి చురుక్కుమంటాయి, ఆ నీళ్లతో కలిపిన డెవలపర్ మంచి పేపర్‌ను కూడా ఫాగ్ చేస్తుంది, మీరేమో పేపర్‌ను తిడతారు. డెవలపర్ ట్రేను ఇంకో పెద్ద ట్రేలో పెట్టి చుట్టూ చల్లటి నీళ్లు, ఐసు ముక్కలు వేయండి. ఐసు నేరుగా డెవలపర్‌లో వేయొద్దు, పలచబడుతుంది. రాత్రి పది తర్వాత పని పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. డెవలపర్ కలపడానికి నేను వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లే వాడతాను, మా బోరు నీళ్లతో అడుగున తెల్లటి మడ్డి చేరుతోంది. నల్గొండ నీళ్లు కదా, ఫ్లోరైడ్ వల్ల ఫాగ్ వస్తోందేమో అని అడిగారు కొందరు. ఒకసారి బోరు నీళ్లతో, క్యాన్ నీళ్లతో విడివిడిగా కలిపి ఒకే షీటు ముక్కలు కడిగి చూశాను, తేడా రాలేదు.

ఇప్పుడు చీకట్లో కట్ట మధ్యలోంచి ఒక షీటు తీయండి. పై షీటు తీసుకోవద్దు, అన్నిటికంటే ఎక్కువ దెబ్బతినేది అదే. అంగుళం వెడల్పుతో మూడు ముక్కలు కత్తిరించి వెనకాల పెన్సిల్‌తో 1, 2, 3 అని రాయండి.

1వ ముక్క: డెవలపర్‌లో వేయకుండా నేరుగా హైపోలో వేయండి. ఈ పేపర్ ఇవ్వగలిగిన అసలు తెలుపు ఇదే.

2వ ముక్క: ఎన్లార్జర్ (నెగెటివ్ బొమ్మను పెద్దది చేసి పేపర్ మీద వేసే యంత్రం) లైటు అసలు చూపించకుండా, ఎర్ర లైటు కింద, మామూలు పద్ధతిలో కడగండి. ఆర్‌సీ అయితే నిమిషం నుంచి నిమిషంన్నర, ఫైబర్ అయితే రెండు మూడు నిమిషాలు డెవలపర్‌లో, తర్వాత స్టాప్ బాత్, హైపో.

3వ ముక్క: అదే పని, కానీ ఎర్ర లైటు కూడా ఆర్పేసి పూర్తి చీకట్లో. సెకన్లు నోటితో లెక్కపెట్టుకోండి, ఫోన్ తీయకండి. అన్ని ముక్కలనూ కత్తిరించేటప్పుడే ఎర్ర లైటు తగలకుండా జాగ్రత్తపడితే ఫలితం ఇంకా నమ్మకంగా ఉంటుంది.

మూడూ నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడండి. తడిగా ఉన్నప్పుడు చూసి సంబరపడొద్దు, పేపర్ ఆరాక ఒక పిసరు ముదురుతుంది.

2 ముదిరి, 3 తెల్లగా ఉంటే తప్పు పేపర్‌ది కాదు, మీ ఎర్ర బల్బుది. నేను చూసినవాటిలో సగం ఫాగ్ కేసులు ఇవే. కిరాణా షాపులో దొరికే ఎర్ర జీరో బల్బు, లేదా మామూలు బల్బుకు ఎర్ర జిలుగు కాగితం చుట్టి వాడటం, ట్రే మీదికి అడుగు దూరంలో వేలాడదీయడం. సరైన సేఫ్‌లైట్ తీసుకుని కనీసం నాలుగడుగుల దూరం పెట్టండి. మల్టీగ్రేడ్ పేపర్‌కు ఆకుపచ్చ వెలుతురు కూడా తగులుతుంది కాబట్టి పాతకాలం పసుపురంగు లైట్లు దానికి పనికిరావు.

2, 3 రెండూ ముదిరితే పేపరే ఫాగ్ అయింది. ఎంత అన్నది ఇక్కడ చూడాలి. మూడూ ఒకేలా ఉంటే నిశ్చింతగా దాచండి. ముక్కల్ని పక్కపక్కన ఆనించి పెడితేనే తెలిసేంత మీగడ రంగైతే వాడుకోవచ్చు, ఏం కలపాలో చివర్లో చెప్తాను. దూరం నుంచే తెలిసే బూడిద రంగైతే ముఖాల ఫోటోలకు వదులుకోండి. బర్రె చర్మంలా వస్తే దాచొద్దు, దానికి వేరే ఉపయోగం ఉంది, అదీ చివర్లోనే.

అంచులు మాత్రమే నల్లబడి మధ్య బాగుంటే తేమ, గాలి బయటి నుంచి లోపలికి ఎక్కాయని అర్థం. అంచులు సెంటీమీటరు కత్తిరించి ఎనిమిది పది సైజు పేపర్‌ను ఏడు తొమ్మిదిగా వాడుకోండి. ఒకవైపు మాత్రమే, గీత గీసినట్టు నల్లగా ఉంటే అది వయసు కాదు, కవరుకు చిల్లు పడింది లేదా ఎవరో వెలుతురులో తెరిచారు. అట్లాంటప్పుడు అడుగున ఉన్న షీట్లు బాగానే ఉండొచ్చు, ఇంకో రెండు తీసి చూడండి.

తెలుపుతో పాటు నలుపు కూడా చూడాలి, దీన్ని అందరూ మర్చిపోతారు. ఒక ముక్కను గది లైటు కింద రెండు సెకన్లు చూపించి పూర్తిగా కడగండి. బొగ్గులా చిక్కగా రావాలి. ఎంతసేపు ఉంచినా పలక రంగు దాటకపోతే ఆ పేపర్‌లో సత్తువ లేదు, ఫాగ్ లేకపోయినా ప్రింట్లు పేలవంగానే ఉంటాయి.

3. చిన్న కట్టలుగా ప్యాక్ చేయండి

వంద షీట్ల డబ్బాను అలాగే ఫ్రిజ్‌లో పెట్టి, పది షీట్ల కోసం నెలనెలా బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టడం వల్లే కొత్త పేపర్ పాడవుతుంది. ఒక్కసారి కూర్చుంటే ఎన్ని షీట్లు వాడతారో అన్నేసి షీట్లు ఒక కట్టగా విడగొట్టండి. నాకైతే పదిహేను.

ఎప్పుడు ప్యాక్ చేస్తున్నారన్నది ముఖ్యం, ఎందుకంటే ఆ రోజు గదిలో ఉన్న తేమే కవరు లోపల బందీ అవుతుంది. ముసురు పట్టిన రోజు వద్దు. ఏప్రిల్ వడగాలిలో కూడా వద్దు, అప్పుడు మన గాలి ఎంత పొడిగా ఉంటుందంటే ఫైబర్ పేపర్ అప్పడంలా వంకరపోతుంది, పొర పగిలే ప్రమాదం ఉంది. సంక్రాంతికి అటూ ఇటూ వారాలు మనకు అనువైనవి. మీటర్ ఉంటే 40, 50 శాతం మధ్య చూపించినప్పుడు మొదలుపెట్టండి. కొత్త డబ్బా వానాకాలంలో వస్తే సీలు విప్పకుండా, డబ్బాతో సహా జిప్ కవర్లో వేసి చలికాలం దాకా ఆగండి.

చేసే విధానం ఇది. ఎర్ర లైటు కింద షీట్లను అంచులు పట్టుకుని తీయండి, మన చెమట వేళ్లు పొర మీద పడితే ఆ ముద్ర ప్రింటులో వస్తుంది. షీట్లను నల్ల ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి రెండు మడతలు వేయండి. దాన్ని జిప్ కవర్లో వేసి గాలి మెల్లగా నొక్కి తీసేయండి. దాన్ని రెండో జిప్ కవర్లో వేసి, ఈ రెండు కవర్ల మధ్య ఒక సిలికా జెల్ పొట్లం పెట్టండి. పొట్లం పేపర్‌కు ఆనకూడదు, ఎక్కువ పెడితే పేపర్‌ను ఎండబెట్టేస్తుంది, ఒకటి చాలు. సిలికా జెల్ దొరకలేదని బియ్యం పోసి పెట్టారొకరు. బియ్యప్పిండి దుమ్ము ప్రతి షీటు మీదా, దానికి తోడు రెండు పురుగులు.

కవరు మీద మార్కర్‌తో రాయండి: పేపర్ పేరు, రకం, ఎన్ని షీట్లు, కొన్న నెల, ప్యాక్ చేసిన నెల, టెస్ట్ ఎలా వచ్చింది. దాని కింద పేపర్ గడిపిన ఎండాకాలాలకు నేను అడ్డగీతలు పెడతాను. ఫ్రిజ్‌లో గడిపిన ఎండాకాలానికి గీత పెట్టను. "లైటులో తెరవొద్దు" అని కూడా పెద్దక్షరాలతో రాయండి, ఇంట్లో పిల్లలుంటే ఇంకా పెద్దగా.

4. ఎక్కడ పెట్టాలి

ఏడాదిలోపు వాడేసేదైతే ఫ్రిజ్ కింది అర చాలు, అక్కడ 4 డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది. రెండు మూడేళ్లు, అంతకు మించి దాచాలంటే ఫ్రీజర్, సున్నాకు 18 డిగ్రీలు కింద. రెండింట్లోనూ కట్టలను మూత డబ్బాలో వేశాకే పెట్టండి. పాత రకం ఫ్రిజ్‌లో ఐసు కరిగితే నీళ్లు కారతాయి, పప్పుగిన్నె ఎప్పుడు ఒలుకుతుందో ఎవరికీ తెలియదు. కూరగాయల ట్రే వద్దు, ఫ్రిజ్ మొత్తంలో తడి ఎక్కువ ఉండేది అక్కడే. డబ్బా మీద బరువులు పెట్టకండి, నొక్కుడు పడినచోట కొన్నిసార్లు నల్ల మచ్చలు వస్తాయి.

కరెంటు పోతే టెన్షన్ పడాల్సిన పనిలేదు. కవర్లు మూసి ఉన్నంతవరకు నాలుగైదు గంటల కోతకు పేపర్‌కు ఏమీ కాదు. ఫ్రిజ్ తలుపు తీసి చూస్తూ ఉండకపోతే చాలు.

ఫ్రిజ్‌లో చోటు లేకపోతే ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోటు వెతకాలి. కింది అంతస్తు, ఇంటి మధ్య గది, పడమటి ఎండ పడని గోడ, నేల మీద చెక్క పలక, దాని మీద ట్రంకు పెట్టె. మట్టిగోడల పాత ఇల్లు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. సజ్జ, అటక, డాబా మీది గది, కారు డిక్కీ, ఇవి నాలుగూ మర్చిపోండి. శివరాత్రి నుంచి మిరుగం దాకా మాత్రమైనా చుట్టాలింటి ఫ్రిజ్‌లో పెట్టించగలిగితే మిగతా ఎనిమిది నెలలు ట్రంకు పెట్టె సరిపోతుంది.

చల్లగా ఉంటుంది కదా అని చేసే పొరపాట్లు రెండున్నాయి. ఒకటి, కూలర్ గదిలో పెట్టడం. గడ్డి కూలర్ గాలిని చల్లబరిచేది నీళ్లతోనే, ఆ గదిలో పెట్టిన పేపర్ నెల తిరక్కుండా మెత్తబడుతుంది, షీట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, బూజు కూడా పడుతుంది. రెండోది, తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టడం. ఆలోచన బాగుంది, మంచినీళ్లకు.

వాసనల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బీరువాలో చీరల మధ్య పెట్టినవాళ్లున్నారు, అక్కడ కలరా ఉండలు ఉంటాయి. ఆ ఆవిరి పేపర్‌కు పడదు. కొత్తగా పెయింట్ వేసిన అల్మారా, వార్నిష్ ఆరని చెక్క, కొత్త ప్లైవుడ్ కబోర్డు, బండి పొగ వచ్చే పార్కింగ్ పక్క గది, ఇవీ వద్దే వద్దు. డార్క్ రూమ్ కెమికల్స్ ఉన్న అరలో కూడా పేపర్ పెట్టకండి. ముఖ్యంగా ప్రింటును గోధుమ రంగుకు తిప్పే సెపియా టోనింగ్‌కు వాడే సోడియం సల్ఫైడ్, ఆ కుళ్లిన గుడ్ల వాసన వచ్చేది, మూత కాస్త వదులుగా ఉన్నా చాలు పేపర్‌ను ఫాగ్ చేస్తుంది.

5. బయటికి తీసేటప్పుడు ఆగండి

ఇన్ని జాగ్రత్తలూ పడి చివరికి ఇక్కడ పోగొట్టుకుంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబును రెండు నిమిషాలు బల్ల మీద ఉంచితే బయటంతా చెమట పట్టినట్టు నీళ్లు కారతాయి కదా, చల్లటి పేపర్‌ను వెంటనే తెరిస్తే ఆ నీళ్లే జిలాటిన్ పొర మీద చేరతాయి. మచ్చలు, అతుకులు, అంచులు ఉబ్బడం అన్నీ దాని వల్లే.

ఫ్రిజ్‌లోంచి తీస్తే కవర్లు తెరవకుండా కనీసం నాలుగు గంటలు గదిలో ఉంచండి. ఫ్రీజర్‌లోంచి అయితే రాత్రి తీసి పెట్టి మర్నాడు తెరవండి, వంద షీట్ల డబ్బా అయితే పూర్తి రోజు. కట్ట మీద చెయ్యి పెట్టి చూడండి, పక్కన బల్ల మీద చెయ్యి పెడితే ఎట్లుందో కట్ట మీదా అట్లే అనిపించాలి. త్వరగా కావాలని ఎండలో పెట్టడం, ఫ్యాన్ కింద కవరు విప్పి ఆరబెట్టడం చేయకండి. ఒక దసరాకు చుట్టాలంతా వచ్చినప్పుడు పిల్లలకు ప్రింటు ఎలా వేస్తారో చూపిద్దామని తొందరపడి, ఫ్రీజర్ కట్టను గంటలో తెరిచాను. పదిహేను షీట్లూ ఒక ఇటుకలా అతుక్కుని వచ్చాయి, విడదీస్తుంటే పొర చిరిగిన చప్పుడు చీకట్లో స్పష్టంగా వినిపించింది.

తీసిన కట్ట ఆ రోజే అయిపోతే మంచిది. మిగిలితే మళ్లీ ఫ్రీజర్‌కు పంపకుండా ఫ్రిజ్ అరలో పెట్టి నెలలోపు వాడేయండి.

6. ఏడాదికోసారి చెక్

మిరుగం వచ్చి నాలుగు వానలు పడ్డాక నేను ఒక కట్ట తీస్తాను. సిలికా జెల్ గులాబీకి తిరిగిందేమో చూస్తాను, తిరిగితే పొట్లం మారుస్తాను. దాన్ని వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు గానీ వంట పెనం మీద వద్దు, ఆ రంగు మంచిది కాదు. తర్వాత ఒక షీటుతో 1, 2 ముక్కల టెస్ట్, పాత ముక్కల పక్కన పెట్టి పోల్చడం. అంతే, గంట పని. ఫ్రిజ్‌లో లేని పేపర్‌కైతే ఈ చెక్ తప్పనిసరి, ఒక్క ఎండాకాలంలోనే తేడా కనిపించిన సందర్భాలున్నాయి.

పాత పేపర్ స్పీడు కూడా తగ్గుతుంది. నిరుడు 8 సెకన్లకు వచ్చిన నెగెటివ్‌కు ఈ ఏడు 11 పట్టొచ్చు. కాబట్టి ప్రతి కొత్త కట్టకూ టెస్ట్ స్ట్రిప్ (ఒకే ముక్క మీద వేర్వేరు సెకన్లు లైటు చూపించి చూడటం) వేయండి, పాత నోట్‌బుక్ లెక్క నమ్మకండి. కాంట్రాస్ట్ తగ్గితే మల్టీగ్రేడ్‌లో ఒక నంబరు పై ఫిల్టర్‌కు వెళ్లండి.

7. ఇప్పటికే ఫాగ్ అయితే

కొద్దిపాటి ఫాగ్‌కు బెంజోట్రయజోల్ పనిచేస్తుంది. ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట అడగండి. 1 గ్రాము 100 మి.లీ. గోరువెచ్చటి నీళ్లలో కరిగించి పెట్టుకుని, వాడకానికి కలిపిన లీటరు డెవలపర్‌కు 10 మి.లీ. చొప్పున మొదలుపెట్టండి. సరిపోకపోతే ఇంకో 10. ఒకేసారి ఎక్కువ పోస్తే తెలుపు శుభ్రంగానే ఉంటుంది గానీ స్పీడు పడిపోతుంది, నలుపు కాస్త నీలి ఛాయకు పోతుంది. గ్లోవ్స్ వేసుకోండి, పొడి పీల్చకండి. డెవలపర్‌లో ఎక్కువసేపు నానబెట్టే అలవాటు కూడా పాత పేపర్‌కు మానుకోవాలి, బొమ్మ వచ్చాక అదనంగా పెరిగేది ఫాగే.

ప్రింటు అయ్యాక తెలుపు మురికిగా ఉంటే ఫార్మర్స్ రెడ్యూసర్‌తో ఒక పొర తగ్గించవచ్చు. అంటే పొటాషియం ఫెర్రిసైనైడ్, హైపో బాగా పలచగా కలిపిన నీళ్లు. ప్రింటును కొన్ని సెకన్లు ముంచి వెంటనే నీళ్లలో కడిగి చూడండి, చాలకపోతే మళ్లీ. కళ్లముందే తెల్లబడుతుంటే ఇంకొంచెం ఇంకొంచెం అనిపిస్తుంది, అక్కడే చెడుతుంది. ఫెర్రిసైనైడ్‌ను ఘాటు యాసిడ్ల దగ్గర పెట్టొద్దు, వేడి చేయొద్దు, విషవాయువు వస్తుంది.

బర్రె చర్మం రంగు పేపర్‌ను పారేయకండి. దానికి డార్క్ రూమే అక్కర్లేదు. పాత ఫోటో ఫ్రేము అద్దం ఒకటి తీసుకుని, నీడలో పేపర్ మీద తంగేడు పూల కొమ్మో, చింతాకో, గునుగు పువ్వో పరిచి, అద్దంతో నొక్కి పట్టి మధ్యాహ్నం ఎండలో అరగంట నుంచి రెండు గంటలు పెట్టండి. పేపర్ గులాబీ, ఊదా, గోధుమ రంగులకు తిరుగుతుంది, ఒక్కో కంపెనీ పేపర్‌ది ఒక్కో రంగు. ఆకు కింద మాత్రం లేత రంగు మిగులుతుంది. డెవలపర్ వేయకూడదు. నేరుగా హైపోలో వేసి, తర్వాత బాగా కడగాలి. హైపోలో పడగానే రంగు సగం దిగిపోయి వేరే ఛాయకు మారుతుంది, అది చూసి గాభరా పడకండి, అందుకే ఎండలో కావలసినదానికంటే ముదురుగా కానివ్వాలి. ఆకు పచ్చిదైతే దాని రసం తగిలినచోట మరకలు వస్తాయి, నాకవి ఇష్టం, వద్దనుకుంటే ఆకును రెండు రోజులు పుస్తకంలో పెట్టి వాడండి. మా పెదనాన్న ఎనిమిది ప్యాకెట్లలో ఆరు ఇట్లాగే బతుకమ్మ రోజుల్లో అయిపోయాయి. ఇంకా రెండున్నాయి, ఈసారి వాటిని సజ్జ మీదికి పోనివ్వలేదు.